నియమరాజుకు బాలాలయం ఎక్కడ కడతారు?

శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తీసుకెళ్లి అలంపురంలో నిలబెట్టారు. గుడి కదలడం తెలుగువారికి వింతేమీ కాదు. జీర్ణోద్ధరణ చేయాలంటే ముందు కళాకర్షణ చేస్తారు, మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో పూజలు సాగిస్తారు. యాదగిరిగుట్టలో ఏళ్లపాటు జరిగిందదే.

మరి కొండే దేవుడైతే?

ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో పరుచుకున్న నియమగిరి డోంగ్రియా కోంధు గిరిజనులకు నియమరాజు. కొండ నెత్తిన వాళ్లు చెట్టు నరకరు. ఆ నెత్తి మీదే ఏడు కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ ఉంది. దాని మీద ఆశతోనే వేదాంత కంపెనీ (పేరు పెట్టినవారు ఈ రోజును ఊహించి ఉండరు) కొండ కింద లాంజిగఢ్‌లో ఏడాదికి 10 లక్షల టన్నుల అల్యూమినా కర్మాగారం కట్టేసింది. ఫ్యాక్టరీకి అనుమతి వేరు, గనికి వేరు. ఫ్యాక్టరీ లేచి నిలబడింది, గనికి తుది అనుమతి మాత్రం రాలేదు. పెళ్లి చేసేశాక జాతకాలు చూడటమంటే ఇదే.

బాక్సైట్ పొర వాన నీటిని పీల్చుకుని ఎండాకాలంలో ఊటలుగా వదులుతుంది. డోంగ్రియాలు తమను తాము ఝర్నియాలంటారు, అంటే సెలయేళ్లవాళ్లు. శ్రీకాకుళం పొలాలను తడిపే వంశధార పుట్టేది ఆ కొండల్లోనే.

ఇక్కడే చదువుకున్నవారు తొందరపడతారు. నీళ్లను కాపాడుకోవడానికే పెద్దలు దేవుణ్ణి కల్పించారని తేల్చేసి, విశ్వాసాన్ని మెచ్చుకున్నామనుకుంటారు. ఆ మెప్పులో పెద్ద మోసం ఉంది. దేవుడి పని నీళ్లివ్వడమే అయితే, రేపు ఓ ఇంజినీరు పైపు వేసి నీళ్లిస్తానంటే దేవుడికి సెలవు చెప్పొచ్చన్నమాట! పర్యావరణ ప్రభావ నివేదికలో నీటికి లెక్కుంది, దుమ్ముకు లెక్కుంది. నియమరాజుకు గడి లేదు.

ఆ గడిని ఎవరు నింపాలన్నది 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తేల్చింది. గని వల్ల నియమరాజు ఆరాధనకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే చెప్పాలంది. ఆ వానాకాలం 12 ఊళ్లలో, జిల్లా జడ్జి హోదా ఉన్న అధికారి ఎదుట, సభలు జరిగాయి. డోంగ్రియా మగవారి భుజాన ఎప్పుడూ ఉండే గొడ్డలి అప్పుడూ ఉంది. శిఖరం ఒక్కటే కాదు, కొండంతా దేవుడేనన్నారు. ఈ మాట అర్థం చేసుకోవడానికి మానవశాస్త్రం చదవక్కర్లేదు. తిరుమలలో స్వామి ఉన్నది ఏ కొండ మీద, మిగతా ఆరూ తవ్వుకోవచ్చా అని ఎవరైనా అడుగుతారా?

పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి అనుమతి నిరాకరించింది. కర్మాగారం ఇప్పటికీ ఆ కొండ కిందే నడుస్తోంది; దాని బాక్సైట్ కోసం ఆఫ్రికాలోని గినీ దాకా వెళ్లాల్సి వచ్చింది.