ముంగిస సాక్ష్యం

మంచి పని చేసి పేపరు వాళ్ళకు కబురు పెట్టడం ధర్మమేనా? అమలాపురంలో మా నేత్రదాన సంఘం తరఫున ప్రెస్‌నోట్లు రాసే పని నాది కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, రాత వచ్చు కదా అని అప్పజెప్పారు. ఎవరింట్లోనైనా ప్రాణం పోయిందని తెలిస్తే మావాళ్ళు వెళ్ళి ఇంటివాళ్ళతో మాట్లాడతారు. ఐబ్యాంకు టెక్నీషియన్ వచ్చి కార్నియాలు తీసుకుంటాడు. ఆ తర్వాత విలేకరికి ఫోన్ చేయాల్సింది నేను. దానికి ముందు, ఏడుపులు ఇంకా ఆగని ఆ ఇంటి అరుగు మీద నిలబడి "మీ అమ్మగారి పేరు పేపర్లో వేయిస్తాం, అభ్యంతరం లేదు కదా" అని అడగాల్సిందీ నేనే. అడిగే హక్కు నాకుందో లేదో ముందు నేను తేల్చుకోవాలి.

లేదని చెప్పే మాటలు మన దగ్గర బోలెడు. మనుస్మృతితో నాకున్న తగాదాలు ఇక్కడ చెప్పుకుంటే తెల్లారిపోతుంది. అయినా నాలుగో అధ్యాయంలో అది అన్న ఒక మాటను నేను కొట్టిపారేయలేను. అబద్ధం ఆడితే యజ్ఞఫలం, గర్వపడితే తపస్సు, చాటుకుంటే దానం కారిపోతాయంటుంది. యయాతి కథ తెలిసిందే. స్వర్గంలో ఇంద్రుడు "తపస్సులో నీకు సాటి ఎవరయ్యా" అని అడిగితే, దేవతల్లో లేరు, మనుషుల్లో లేరు, మహర్షుల్లోనూ లేరన్నాడు. ఆ ఒక్క మాటకే పుణ్యం చెల్లిపోయి కింద పడ్డాడు. చివరికి కూతురి కొడుకులు తమ పుణ్యం ధారపోస్తే గాని మళ్ళీ లేవలేదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం మెప్పు కోసం, మర్యాద కోసం చేసే తపస్సును రాజసంలో వేసింది. ప్రతిఫలం చూసుకుని ఇచ్చే దానాన్నీ అక్కడే చేర్చింది.

మిగతా మతాలూ ఈ సంగతిని తేలిగ్గా తీసుకోలేదు. నాతో పనిచేసిన లెక్కల టీచరుగారు ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవారు. ఏసు కొండమీది ప్రసంగంలో దానం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దనీ, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి కూడా తెలియనివ్వవద్దనీ చెప్పాడని ఆవిడ దగ్గరే విన్నాను. ఆ ప్రసంగంలోనే అంతకు కాస్త ముందు, మీ వెలుగు నలుగురికీ కనపడనివ్వండి, మీ మంచి పనులు చూసి వాళ్ళు దేవుణ్ణి మహిమపరచాలి అని కూడా ఉందట. ఈ రెంటినీ ఒకే నోట ఎలా అన్నాడని నేను అడిగితే ఆవిడ సమాధానం సూటిగా ఉంది: "చూసినవాళ్ళు ఎవరిని పొగుడుతున్నారో చూసుకోండి మేడమ్. మిమ్మల్ని పొగిడితే ఆపేయండి." ఖురాన్ రెండో అధ్యాయం ఇంకా దయగా మాట్లాడుతుంది. దానం బాహాటంగా చేసినా మంచిదేననీ, గుప్తంగా పేదలకు ఇస్తే అంతకన్నా మేలనీ చెబుతుంది. బాహాటంగా ఇవ్వడాన్ని పాపమనలేదు.

ఇవన్నీ ఎదురుగా పెట్టుకుని చూస్తే నాకు దారి చూపించింది అశ్వమేధ పర్వంలోని ముంగిస. ధర్మరాజు యాగం అంత వైభవంగా ముగిసిన వేళ, సగం ఒళ్ళు బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలో ఒక బీదవాడు పెట్టిన పేలపిండికి సరిరాదంటుంది. ఆయన పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. కరువు రోజుల్లో ఎలాగో కాస్త యవలపిండి దొరికింది. ఇంట్లో నలుగురూ పంచుకుని తినబోతుంటే అతిథి వచ్చాడు. ఆయన వంతు పెట్టాడు, చాల్లేదు. భార్య తన వంతు, కొడుకు తన వంతు, చివరికి కోడలు కూడా తన వంతు ఇచ్చేశారు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కోసం అది యాగాలన్నీ తిరుగుతూ ధర్మరాజు దగ్గరికి వచ్చింది.

ఆ నలుగురూ ఎవరికీ చెప్పలేదు. చెప్పే వీల్లేకుండా స్వర్గానికి వెళ్ళిపోయారు. ముంగిస నోరు విప్పకపోతే వ్యాసుడికి కథ లేదు, తిక్కనకు పద్యాలు లేవు, మనకు తెలియనే తెలియదు. యయాతి తన గొప్ప తాను చెప్పుకుని పడ్డాడు. ముంగిస ఇతరుల మంచి చెప్పింది, అదీ కళ్ళారా చూసి, ఒంటి మీద గుర్తు పెట్టుకుని చెప్పింది. పెద్ద యాగశాలలో అంత పెద్దవాళ్ళ ముందు నిలబడి బీదవాడి పక్షాన మాట్లాడింది. శాస్త్రాలు మూయమన్నది చేసినవాడి నోటిని. చూసినవాడి నోటిని మూయమని ఎవరూ అనలేదు. చూసినవాడు నోరు మూసుకుంటే అది తప్పే అవుతుందని నా నమ్మకం.

మాకు దగ్గర్లోనే ఉన్న లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి సంగతీ అంతే. దారిన పోయే వాళ్ళందరికీ వేళ కాని వేళ అన్నం పెట్టిన ఆ తల్లి 1909లో పోయారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వస్తే వెళ్ళననేశారనీ, ఫొటో తీయించుకోవడానికి కూడా, లేకపోతే తమ ఉద్యోగాలు పోతాయని అధికారులు బతిమాలితేనే ఒప్పుకున్నారనీ మా వైపు చెప్పుకుంటారు. ఆవిడ పేరు ఇప్పుడు గోదావరి అక్విడక్టుకు ఉంది, 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఉంది. ఆవిడ దండోరా వేయించుకోలేదు. తిన్నవాళ్ళు చెప్పారు.

కాబట్టి ప్రెస్‌నోట్ రాసేటప్పుడు నేను ముంగిస స్థానంలో ఉన్నానా, యయాతి స్థానంలో ఉన్నానా అన్నదే నా లెక్క. ఇది కాగితం మీదే తేలిపోతుంది. మన ఊళ్ళలో ప్రెస్‌నోట్లు ఎలా ఉంటాయో చూడండి. మొదటి వాక్యంలో ముఖ్య అతిథి, రెండో వాక్యంలో అధ్యక్షులు, ఆ తర్వాత కార్యదర్శి, కోశాధికారి, సభ్యుల పేర్లు. అసలు ఏం చేశారన్నది అట్టడుగున. పేపరు డెస్క్‌లో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. అంటే దానం తెగిపోయి దాతలు మిగులుతారు. నేను తలకిందులు చేశాను. మొదటి పేరాలో చదివినవాళ్ళు రేపు తమ ఇంట్లో చేయగలిగింది ఉంటుంది. తర్వాత జరిగిన సంగతి. సంఘం పేరు, మా పేర్లు చిట్టచివర. సబ్ ఎడిటర్ కత్తెరకు మొదట తెగేవి మావే. దానికి మావాళ్ళలో కొందరు నొచ్చుకున్నారు, నేను మాత్రం మార్చలేదు. గుప్తదానం చేసే మనోబలం మనలో అందరికీ ఉండదు, ఆ పని డెస్క్ చేసిపెడుతుంటే అడ్డుపడకూడదు.

విలేకరి పట్ల కూడా ఒక ధర్మం ఉంది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాకే మా కోనసీమ సంగతులకు అచ్చులో ఇంత చోటు దొరికింది. ఆ చోటు నింపేది మండలాల్లో ఉండే కుర్రాళ్ళు. చాలామందికి నెల జీతం లేదు, అచ్చయిన మేరకు లైన్ అకౌంట్. అలాంటి మనిషికి వందమంది ఉన్న వాట్సప్ గ్రూపులో ఒక నోట్ పడేసి "ఎందుకు వేయలేదు" అని నిలదీయడం అన్యాయం. సోమవారం వాళ్ళు కలెక్టరేట్‌లో అర్జీల దగ్గర ఉంటారు, ఆ రోజు నేను ఫోన్ చేయను. సాయంత్రం పేజీ కట్టే హడావిడిలో అసలే చేయను. పొద్దున్నే చేసి, సంగతేమిటో రెండు ముక్కల్లో చెప్పి, మాట్లాడడానికి ఒప్పుకున్న మనిషి ఎవరో చెప్పి, మిగతాది అతనికి వదిలేస్తాను. శాలువా కప్పను, కవరు ఇవ్వను. కవరు పుచ్చుకున్న సాక్షి సాక్ష్యం చెల్లదు.

అబద్ధంతో యజ్ఞం కారిపోతుందన్న మాట ఇక్కడే పరీక్షకు వస్తుంది. "జిల్లాలో ఇదే మొదటిసారా టీచర్ గారూ?" అని అడుగుతాడు మా విలేకరి. మొదటిది అంటే వార్త పెద్దదవుతుంది, బాక్స్ కట్టి వేస్తారు. "కాదు బాబూ, ఇదివరకు చాలామంది ఇచ్చారు" అంటాను. "మరి కొత్త ఏముందండి?" అంటాడు. అది న్యాయమైన ప్రశ్న. కొత్త ఏముందో వెతికి అతని చేతికివ్వడం నా పని.

ఒక పెద్దాయన ఇంట్లో అది దొరికింది. భార్య తెల్లవారుజామున పోయారు, ఆయనే మాకు ఫోన్ చేశారు. మేం వెళ్ళేసరికి ఆవిడ రెప్పలు మూసి పైన తడి దూది వేసి ఉంది, తల కింద రెండు దిళ్ళు ఉన్నాయి. ఉక్కపోతకు అందరూ చెమటలు కక్కుతున్నా ఫ్యాను ఆపేసి ఉంది. కార్నియా ఎండిపోకూడదని అలా చేయాలి, కాని ఎవరూ చెప్పకుండా చేసి పెట్టిన ఇల్లు చాలా అరుదు. అంతా అయ్యాక పేపరు మాట ఎత్తితే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "అమ్మా, ఇచ్చి చెప్పుకుంటే ఇవ్వనట్టే. ఆవిడకు దక్కాల్సింది ఊళ్ళో పంచిపెట్టకండి." నేను ఆ మాటకు ఎదురుచెప్పలేదు. ఫ్యాను ఆపాలని మీకెలా తెలుసండి అని మాత్రం అడిగాను. పేపర్లో చదివానన్నారు. ఎవరింటి సంగతో గుర్తుందా అంటే కాసేపు ఆలోచించి లేదన్నారు. మరి ఆ ఇంటివాళ్ళు కూడా మీలాగే వద్దని ఉంటే అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పేరు వద్దు. ఫ్యాను సంగతి రాయండి" అన్నారు. మర్నాడు విలేకరి ఆయనతో మాట్లాడి, పేరు లేకుండానే రాశాడు. డెస్క్ కాదనలేదు.

అలాగని పేరు ఎప్పుడూ దాచాల్సిందేనని నేననను. అమరావతి స్తూపం దగ్గర శాతవాహనుల నాటి శాసనాల్లో విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చినట్టు ఉంది. ఆయన పేరు చెక్కించుకోకపోతే ఈరోజు మనం ఆ స్తూపమంతా రాజులూ సెట్లూ కట్టారనే అనుకునేవాళ్ళం. చిన్నవాళ్ళు మౌనంగా ఉంటే వాళ్ళ పుణ్యం పెద్దవాళ్ళ ఖాతాలో పడుతుంది. కూలికి వెళ్ళే తల్లి కళ్ళిచ్చిందని ఆవిడ పిల్లలు పేరు వేయమంటే నేను పట్టుబట్టి వేయిస్తాను. పేరున్నవాళ్ళకు మౌనం అందం, పేరు లేనివాళ్ళకు అది అన్యాయం కావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. పుచ్చుకున్నవాళ్ళ ముఖం. 2020 లాక్‌డౌన్‌లో ఒక్క బియ్యం సంచి మీద అయిదారుగురి చేతులు, వాటి కింద తల వంచుకున్న ముసలమ్మ, అలాంటి ఫొటోలు రోజూ చూశాం. ఆవిడకు ఆకలి వేసింది గాని, ఊరంతా చూడాలని వేయలేదు. ఖురాన్ పేదలకు గుప్తంగా ఇవ్వడం మేలన్నది ఇందుకేనని నాకనిపిస్తుంది. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. మనిషిని తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేయడం అన్నిటికన్నా పైమెట్టు. దాని కిందిది, ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడు, పుచ్చుకున్నవాడికి ఇచ్చినవాడు తెలియకపోవడం. ఐబ్యాంకు నియమం సరిగ్గా ఇదే. ఒకరి కళ్ళు ఇద్దరికి చూపునిస్తాయి, ఆ ఇద్దరెవరో దాత ఇంటివాళ్ళకు చెప్పరు. చూపొచ్చిన మనిషిని చూపిస్తే ఫుల్ స్టోరీ చేస్తానని విలేకరి ఎన్నిసార్లు అడిగినా మా జవాబు ఒకటే. సింగిల్ కాలంతో సరిపెట్టుకుంటాం.

ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. నోట్ ఇప్పటికే రాసిపెట్టాను. మొదటి పేరా ఇది: ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే ఆరు గంటల్లోగా కళ్ళు ఇవ్వవచ్చు. ముందుగా ప్రతిజ్ఞాపత్రం రాసి ఉండనక్కర్లేదు, ఇంటివాళ్ళు ఒప్పుకుంటే చాలు. కళ్ళద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగరున్నా ఫరవాలేదు. ఫ్యాను ఆపండి, రెప్పలు మూసి తడి దూది వేయండి, తల కింద దిండు పెట్టి దగ్గర్లోని ఐబ్యాంకుకు ఫోన్ చేయండి.