అడగని ప్రశ్నకు జవాబు

అబ్బాసియాలోనో సాల్మియాలోనో నలుగురు తెలుగువాళ్ళం కలిస్తే షుగరు, బీపీల గురించి ధారాళంగా మాట్లాడుకుంటాం. డిప్రెషన్‌కి మాత్రలు వాడామన్న మాట మాత్రం అయినవాళ్ళ దగ్గర కూడా నోట రాదు. అందుకే నన్ను పక్కకు పిలిచి అడుగుతుంటారు: "డాక్టరుగారూ, మావాడికి చదువుకునే రోజుల్లో ఆర్నెల్లు మనసు బాగోలేదు. ఇప్పుడు నిక్షేపంలా ఉన్నాడు. ఉద్యోగానికి పెట్టుకునేటప్పుడు అది చెప్పాలా?"

చెప్పకపోతే అసత్యదోషమని కొందరి భయం. కర్ణపర్వంలో కౌశికుడు నిజమే చెబుతానని వ్రతం పట్టినవాడు. ప్రాణభయంతో దాక్కున్నవారి జాడ దొంగలు అడిగితే చెప్పేశాడు. దొంగలు వారిని చంపారు, ఆయన నరకానికి పోయాడు. నిజం వినే హక్కు అందరికీ ఉండదు. పనికి అడ్డురాని పాత జబ్బు సంగతి ఇంటర్వ్యూలో మనంతట మనం చెప్పనక్కర్లేదు. అడిగినా "అది డాక్టరుతో మాట్లాడే విషయమండీ" అనవచ్చు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతను రోగి హక్కుగానే గుర్తించింది. కువైట్‌లోనూ 2019లో మానసిక ఆరోగ్యానికంటూ ఒక చట్టం వచ్చింది.

వైద్య పరీక్ష ఫారం సంగతి వేరు. మనవాళ్ళు గామ్కా అనే పరీక్షలో (ఇప్పుడు వాఫిద్ అంటున్నారు) మానసిక వ్యాధులు కూడా అనర్హతల కింద ఉన్నాయి. సూటిగా అడిగి సంతకం పెట్టించుకునే చోట "లేదు" అని రాస్తే అది మౌనం కాదు, అబద్ధమే. అశ్వత్థామ మాట దగ్గర గొంతు తగ్గించినందుకే ధర్మరాజు రథం, నాలుగు వేళ్ళ ఎత్తున తిరిగేది, నేలకు దిగింది. నయమైన జబ్బుకీ ఉన్న జబ్బుకీ తేడా చూడని గడి న్యాయమైనది కాదనే నా అభిప్రాయం. అయినా "ఫలానా ఏడాది వచ్చింది, నయమైంది" అని రాసి, చూసిన డాక్టరు ఉత్తరం జతచేయమంటాను. ఉద్యోగం పోవచ్చు. అప్పుచేసి ఏజెంటుకి కట్టినవాడికి అది చిన్న మాట కాదని నాకు తెలుసు.

(నేను చదువుకున్న రష్యాలో డ్రైవింగ్ లైసెన్సుకే సైకియాట్రిస్టు పత్రం కావాలి. ఆ గుమ్మం తొక్కాలంటే అక్కడా భయమే.)

నాకు ఎక్కువ దిగులు మాత్రం బయటపడుతుందేమోనని మాత్రలు మానేసి విమానం ఎక్కేవాళ్ళ గురించి. సగంలో ఆపిన జబ్బు తిరగబెట్టేది ఇక్కడే, అమ్మా నాన్నా లేని గదిలో. ఇంకొందరు చీటీ లేకుండా ఆల్ప్రజోలం సూట్‌కేసులో సర్దుకొస్తారు. కస్టమ్స్‌లో దొరికితే జబ్బుకన్నా పెద్ద ఆపద. మందు ఆపకండి, చీటీ తెచ్చుకోండి. దాని మీద మందు అసలు పేరు, డోసు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో ఊళ్ళోనే చూసుకోండి.