గట్టు మీద బండి, జేబులో మ్యాపు

అమ్మలూ,

కొత్త బండి కొన్నావని, వానలు తగ్గగానే కరకట్ట మీదుగా దివిసీమ దాకా వెళ్లి, ఆ తరవాత కొల్లేరు లంకలూ కొండపల్లి అడవీ తిరగాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నిన్ను ఎలాగైనా మానిపించమని నాకు పురమాయించింది కూడా. నేను మానిపించను. ఇరిగేషన్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను తిరిగింది ఆ గట్ల మీదే, నిన్ను ఏ మొహం పెట్టుకుని ఆపను? ఫోనులో ఏ మ్యాపు వేసుకుంటే మంచిదని అడిగావట. దాని గురించి మాత్రం కాస్త చెప్పనీ.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచెయ్యదని మన ఇంట్లో సగంమంది నమ్మకం. అది నిజం కాదు. ఫోను ఉపగ్రహాల సంకేతాలు విని తన చోటు తాను లెక్క కట్టుకుంటుంది. దానికి సిమ్ కూడా అక్కర్లేదు. 2000 మే నెల దాకా అమెరికావాళ్లు మామూలు జనానికిచ్చే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేవాళ్లు, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది మానేశాక, ఆకాశం బాగా కనపడే చోట మంచి ఫోను అయిదు మీటర్లు అటూఇటూగా చెబుతోంది. శ్రీహరికోట నుంచి 2013లో మొదలుపెట్టి మనవాళ్లు ఎగరేసిన నావిక్ ఉపగ్రహాలను కూడా కొన్ని ఫోన్లు పట్టుకుంటాయి. నెట్ లేనప్పుడు రానిది మ్యాపు బొమ్మ ఒక్కటే. అది ముందే దించిపెట్టుకుంటే సరి. కాకపోతే నెట్ లేని చోట నీ చుక్క మొదటిసారి పడటానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి ఫోను ఆపి మళ్లీ వెయ్యకు.

ఇప్పుడు యాప్‌ల సంగతి. గూగుల్ మ్యాప్స్‌లోనూ ఒక ప్రాంతాన్ని దించుకోవచ్చు, బెజవాడ నుంచి బందరుకి అది బాగానే పనికొస్తుంది. నెట్ లేనప్పుడు అది కారుదారి చెబుతుంది గానీ నడకదారీ సైకిలుదారీ చెప్పదు. దించుకున్న ముక్కకు గడువు కూడా ఉంటుంది. గట్లకీ డొంకలకీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్‌లు మేలు. అది 2004లో ఇంగ్లండులో మొదలైంది. ఎవరి ఊరు వాళ్లు గీసుకుంటూ పోయిన మ్యాపు. దాని ఆధారంగా వచ్చినవాటిలో ఓస్మాండ్ ఉంది, ఆర్గానిక్ మ్యాప్స్ ఉంది. ఓస్మాండ్‌లో లేనిదంటూ లేదు. మోటారు సైకిలుకి వేరే దారి లెక్క, ఎత్తుపల్లాల గీతలు, ఏ రోడ్డు ఏ రంగులో కనపడాలో చెప్పే మీటలు, అన్నీ ఉన్నాయి. సెట్టింగులు సరిచేసుకునేసరికి మాత్రం పొద్దుగూకుతుంది. ఆర్గానిక్ మ్యాప్స్‌ని 2021లో తెచ్చారు. పాత మ్యాప్స్.మీ యాప్ మొదలుపెట్టినవాళ్లలోనే కొందరు దీని వెనక ఉన్నారు. ప్రకటనలు లేవు, నువ్వు ఎక్కడ తిరిగావో ఎవరికీ చెప్పదు, ఆంధ్రప్రదేశ్ ఒక్కటే విడిగా దించుకోవచ్చు. 2025లో లోపల మాటా మాటా వచ్చి కొందరు విడిపోయి కోమ్యాప్స్ అని ఇంకోటి పెట్టారు. రెండూ ఒక తల్లి పిల్లలే, ఏది వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నా ఓటు ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి చిన్న యాప్‌కే. హెల్మెట్ పెట్టుకుని, చేతికి గ్లవ్ తొడుక్కుని, ఎండలో స్క్రీను సరిగ్గా కనపడక నువ్వు చూసేది ఒక్క చూపు. ఆ ఒక్క చూపులో నేనెక్కడున్నాను, కాలువ ఎటుంది, దాటే చోటు ఎక్కడ అన్న మూడూ తెలియాలి. నాలుగోది అడగాల్సి వస్తే బండి ఆపు.

కాలువ దాటే చోటు అని ఎందుకన్నానో విను. ఆఫ్‌రోడ్ అంటే నీ స్నేహితులు చూపించే వీడియోల్లో కొండలూ రాళ్లూ ఉంటాయి. మన డెల్టా అరచేయిలా చదునుగా ఉంటుంది, ఎత్తుపల్లాల గీతలతో ఇక్కడ పనే లేదు. ఇక్కడ దారి తప్పించేది నీళ్లు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి తవ్వుతూ వచ్చిన కాలువలు, వాటి పిల్ల కాలువలు, బోదెలు, మళ్లీ ఆ నీళ్లన్నీ సముద్రానికి పోవడానికి మురుగు కాలువలు. నువ్వు వెళ్లాల్సిన ఊరి గుడి గోపురం ఎదురుగానే కనపడుతుంది, మధ్యలో రాయి విసిరితే దాటే కాలువ. వంతెన మాత్రం కిందెక్కడో లాకుల దగ్గర ఉంటుంది. అందుకని మన దగ్గర దూరాన్ని కిలోమీటర్లలో చూడకు. ఏ గట్టున ఉన్నావు, తరవాత దాటే చోటు ఎక్కడ అన్నది చూడు.

ఇక్కడ యాప్‌లు చేసే చిన్న మాయ ఒకటుంది. నువ్వున్న గట్టు మ్యాపులో లేకపోతే, దారి చెప్పే సమయంలో అది నీ బాణాన్ని లాక్కెళ్లి పక్కనున్న తెలిసిన రోడ్డు మీద పెడుతుంది. బందరు కాలువ అవతలి గట్టున నువ్వు పోతుంటే, ఇవతల హైవే మీద పోతున్నట్టు చూపిస్తుంది. అయిదు మీటర్ల తేడా కూడా దీనికి తోడైతే సన్నటి మురుగు కాలువల దగ్గర ఏ ఒడ్డున ఉన్నావో దాన్ని అడగడం దండగ. ఒకసారి దారి ఆపేసి ఉత్త చుక్క ఎక్కడుందో చూడు, నిజం తెలుస్తుంది.

నడకదారి పెట్టుకుని బండి నడపొద్దు. నడిచేవాళ్ల కోసం వేసిన సన్న వంతెనల మీదుగా తీసుకెళ్తుంది. కొన్నిచోట్ల రెండు తాటిపట్టెలు వేసి అదే వంతెన అంటారు. సైకిలుదారి పెడితే డొంకలు బాగా వస్తాయి, కానీ సైకిలుని భుజాన వేసుకుని దాటే చోట నీ బండిని ఎవరు మోస్తారు? కారుదారి కూడా ఒకసారి చూసి, రెండూ కలిసే దారి ఎంచుకో. మట్టిదారులు వద్దు, పడవలు వద్దు అని చెప్పే మీటలు ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఉన్నాయి. నువ్వు వెళ్లేదే వాటి కోసం కాబట్టి అవి ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూసుకో. లేకపోతే ఎదురుమొండికి దారే లేదంటుంది. ఏటిమొగ దగ్గర పంటు ఎక్కితేనే కదా ఆ దీవి.

ఏ యాప్ అయినా, దించుకున్న రోజే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నీకు బాగా తెలిసిన చోటు వెతుకు. తాతగారి ఊరు నుంచి పొలానికి వెళ్లే డొంక ఉందా? చెరువు పక్కన చప్టా ఉందా? కాలువ పేరు సరిగ్గా ఉందా? తెలిసిన నేల మీదే తప్పులుంటే తెలియని నేల మీద ఎలా ఉంటుందో ఊహించుకో. తెలుగులో టైపు చేస్తే ఊరు దొరుకుతుందో లేదో కూడా చూడు, ఒక్కో ఊరిని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు.

మ్యాపులో లేని గట్లు చాలానే కనపడతాయి. దానికి మ్యాపు గీసినవాళ్లను తిట్టకు. మా రోజుల్లో సముద్రం వైపు టోపోషీటు బయటివాళ్ల చేతికి ఇచ్చేవాళ్లే కాదు, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. మ్యాపుల మీద ఆ కట్టుబాట్లను కేంద్రం 2021 ఫిబ్రవరిలో గానీ బాగా సడలించలేదు. అంతకుముందు ఎవరో కుర్రాళ్లు సొంత ఓపికతో గీశారు కాబట్టే ఈమాత్రమైనా ఉంది. నువ్వు వెళ్లిన దారిని రికార్డు చేసి, తీరిక దొరికినప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నువ్వే చేర్చు. ఆర్గానిక్ మ్యాప్స్‌లోంచి గుళ్లూ దుకాణాలూ చేర్చొచ్చు గానీ రోడ్డు గియ్యలేవు, దానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైటులోకే వెళ్లాలి.

దానికంటే ముందు నీ సొంత గుర్తులు పెట్టుకో. వెళ్లబోయే దారిలో లాకులు, చప్టాలు, పంటు రేవులు, పెట్రోలు బంకులు, అన్నీ. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి దిగాక బంకుల మధ్య దూరం పెరుగుతుంది. కొల్లేరు వైపు ఇంకో చిక్కుంది. ఆకాశంలోంచి తీసిన బొమ్మలో ప్రతి చేపల చెరువు గట్టూ రోడ్డులాగే ఉంటుంది. అందులో సగం సొంత గట్లు, గేటుంటుంది, కాపలావాడుంటాడు, వాడికో కుక్క ఉంటుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి తారురోడ్డు మీదే వెళ్లు తల్లీ, ఆ గట్లతో నీకేం పని. కొండపల్లి అడవిలో మాత్రం ఎత్తు గీతలు పనికొస్తాయి, అక్కడికి ఓస్మాండ్ తీసినా ఏమీ అనను. అటవీశాఖవాళ్లను అడిగే వెళ్లు.

ఏ మ్యాపుకీ ఇవాళ్టి నీళ్లు తెలియవు. 2024 మే నెలలో హైదరాబాద్ నుంచి కేరళ చూడ్డానికి వెళ్లిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర రాత్రిపూట వానలో ఫోను చూపిన దారినే పోయి కారును వాగులోకి దించారు. ప్రాణాలతో బయటపడ్డారు, కారు మునిగింది. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర ముగ్గురికి ఆ అదృష్టం లేకపోయింది. పూర్తికాని వంతెన మీద నుంచి కారుతో సహా పడిపోయారు. మన దగ్గర ఆ సెప్టెంబరు నువ్వే చూశావుగా. బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీ నుంచి ఎన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అంత నీరు పారాక లంకల్లో దారి ఉన్నచోట ఉండదు. నీ ఫోనులో ఉన్నది దించుకున్ననాటి మ్యాపు. కాబట్టి బయల్దేరే ముందు రోజు మ్యాపు అప్‌డేట్ చేసుకో, కాలువకి నీళ్లు వదిలారో లేదో లాకుల దగ్గర లస్కరుని అడుగు. వాన పడిన మర్నాడు రేగడి గట్టు ఎక్కకు. మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగదు, ఎంత పెద్ద బండైనా సరే.

హంసలదీవి వెళ్తే పాలకాయతిప్ప దగ్గరే బండి ఆపు. అక్కణ్ణుంచి సంగమం వైపు మ్యాపులో గీత కనపడ్డా అదంతా ఇసక, పోటు వస్తే నీళ్లు. ఎంత దూరం వెళ్లొచ్చో అక్కడి జాలర్లు చెబుతారు, వాళ్ల మాట విను.

పవర్ బ్యాంకు పెట్టుకో, స్క్రీను వెలుగు తగ్గించుకో. బయల్దేరే ముందు నీ గుర్తుల ఫైలు మీ అమ్మ ఫోనుకి పంపు. ఆవిడ ఫోనులో కూడా అదే యాప్ వేసి ఆంధ్రప్రదేశ్ మ్యాపు దించు. వచ్చే ఆదివారం నేను మీ ఇంటికి వస్తున్నాను. ఆ ఫైలు ఎలా తెరవాలో ఆవిడకి నేను చూపిస్తాను, నువ్వు లాకుల పేర్లు రాసుకో.

నీ మావయ్య