నాయిన తద్దినం ఎవరు పెడ్తరు?



పోయిన నెల కోదాడలో ఇంటికి పోయినప్పుడు, అమ్మ పూలు కట్టుకుంటూ ఉన్నట్టుండి అడిగింది. "నువ్వు బుద్ధుల్లో కలిసినవట గదరా. మరి నాయిన తద్దినం ఎవరు పెడ్తరు?"

ఎవరు చెప్పారో తెలుసు. మిర్యాలగూడలో రైసు మిల్లు చూసుకునే మా మేనమామ. హైదరాబాద్‌లో సాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన శిబిరానికి పోయొచ్చానని ఆయనకే చెప్పాను. పొద్దున్నే గంటసేపు శ్వాస చూసుకుంటూ కూర్చుంటాను. పంచశీలాలు పాటించాలని చూస్తాను. పూజగదిలో దీపమూ పెడతాను. అమ్మ అడిగేదాకా "ఇంతకీ నేనెవరిని?" అన్న ఇబ్బందే రాలేదు.

మనవాళ్ళు చటుక్కున చెప్పే జవాబు ఒకటుంది. బుద్ధుడు విష్ణువు అవతారమే కదా, అంతా ఒకటే అని. నేనూ అనేవాణ్ణి, ఇప్పుడు అనలేను. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ గారు చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, ఆ మాట నమ్మను అనేది ఒకటి. శ్రాద్ధం పెట్టను, పిండప్రదానం చెయ్యను అనేది దాని పక్కనే ఉంది. గుడి బయటే నిలబెట్టిన మనుషులు తల ఎత్తుకుని తీసుకున్న పేరు అది. "పేరుతో పనేముంది, ఆచరణ చాలు" అని వాళ్ళ ముందు అనడానికి నాకు నోరు రాదు. నన్నెవరూ గుడి బయట ఆపలేదు మరి.

చట్టం సంగతి వేరు. 1955 హిందూ వివాహ చట్టం బౌద్ధులకీ వర్తిస్తుంది. అమ్మ భయం చట్టం గురించి కాదు కదా.

దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం ఉంది. రాజగృహంలో సిగాలుడనే గృహస్థుల అబ్బాయి తెల్లారకముందే లేచి, తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకీ దండం పెడుతున్నాడు. భిక్షకి పోతున్న బుద్ధుడు చూసి, ఎందుకయ్యా అన్నాడు. మా నాయన పోతూ పోతూ ఇలా చెయ్యమన్నాడండీ అన్నాడు సిగాలుడు. బుద్ధుడు వాళ్ళ నాయన్ని ఒక్క మాట అనలేదు. దిక్కులకి మొక్కే పద్ధతి ఇది కాదని చెప్పి, తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, కింద పనివాళ్ళు, పైన శ్రమణులూ బ్రాహ్మణులూ అని అర్థం చెప్పాడు. తల్లిదండ్రులకి బిడ్డ చెయ్యాల్సిన అయిదు పనుల్లో, పోయినవాళ్ళ పేరు మీద దానం ఇవ్వడం కూడా ఉంది! అంతా విన్నాక సిగాలుడే, నన్ను ఉపాసకుడిగా తీసుకోండి అన్నాడు.

మా జిల్లా పక్కనే ఇంకో కథ. మిర్యాలగూడ మీదుగా సాగర్ పోతే, నాగార్జునకొండ మ్యూజియం వస్తుంది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి పెద్ద దాత. ఆ రాజు వేదయాగాలు ఆమె శాసనాల్లోనే గొప్పగా చెక్కి ఉన్నాయి. పైగా ఆయన కొడుకు వీరపురుషదత్తుడు ఈమెకి అల్లుడు. మన ఊళ్ళల్లో మేనరికం లాగే! ఆ ఇంట్లో ఎవరు ఏ మతమని పండక్కి గొడవ పడ్డారో లేదో గానీ, రాతి మీద మాత్రం ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

మరి నా సంగతి? ఉపాసకుడు ఎవరని మహానాముడు అడిగితే, మూడు శరణాలు తీసుకున్నవాడు అన్నాడు బుద్ధుడు. శీలవంతుడైన ఉపాసకుడు ఎవరంటే అయిదు శీలాలు పాటించేవాడు అన్నాడు. రెండూ వేరు ప్రశ్నలు. శిబిరంలో శరణాలు నేనూ పలికాను. అప్పుడు మనసంతా రాత్రి తిండి లేకుండా ఎట్లా అనే దాని మీదే ఉంది, అది వేరే విషయం. ఇక నాలుగో శీలం, అబద్ధం ఆడకపోవడం. ఆఫీసు స్టాండప్ కాల్‌లో "ఆల్‌మోస్ట్ డన్" అంటాను, కోడ్ ఒక్క లైను రాసి ఉండను.

అందుకే అమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ పేరు పెట్టుకునేంత దూరం నేనింకా పోలేదమ్మా. పోయిన రోజు ముందు నీకే చెప్తా. నాయిన తద్దినం ఈ ఏడు నేనే పెడ్తా. ఆ రోజు ఆయన పేరు మీద మన బజార్ల పనిచేసేటోళ్ళను పిలిచి అన్నం పెడ్దాం."

"పంతులుకు నేను చెప్త గానీ, ముందు నువ్వు సెలవు పెట్టు" అంది.

సెలవు అర్జీలో కారణం దగ్గర అలవాటుగా "జ్వరం" అని కొట్టాను. చెరిపేసి, నాయిన తద్దినం అని రాశాను.