నూరు వరహాల పొద – జీవదయ

జైన సిద్ధాంతమున మొక్క కూడ జీవమే. దానికి స్పర్శ యను ఒకే ఇంద్రియము కలదు. అందుచే శ్రావకుడు ఒక ఆకు త్రుంచుటకు గూడ వెనుదీయును. అట్టివాడు మన్ను త్రవ్వి, నీరు పోసి పూలమొక్కను పెంచవచ్చునా?

సాధువునకు తగదు. గృహస్థుని మాట వేరు. వంటలో, వ్యాపారములో, ఇల్లు కట్టుటలో తప్పనిసరిగా జరుగు ఆరంభ హింసను అతడు జాగరూకతతో తగ్గించుకొనవలెను. చంపవలెనను తలంపుతో చేయు సంకల్ప హింసను పూర్తిగా విడువవలెను. మొక్క పెంపకమునకు కూడ కొలత ఇదియే.

చెన్నైలో ఎందరి ముంగిటనో ఎఱ్ఱని గుత్తులతో నిలుచు నూరు వరహాల పొదను చూడుడు. తమిళులు దానిని ఇడ్లీపూవందురు. అది దక్షిణ భారతమునకు, శ్రీలంకకు సొంతమైన మొక్క. పొద ఏకేంద్రియము. వేళ్ళ చెంత వానపాము ద్వీంద్రియము. ఆకులపై చీమ త్రీంద్రియము. సన్నని పూగొట్టములో తుండము చాచి మకరందము త్రాగు సీతాకోకచిలుక చతురింద్రియము. పూలకు వచ్చు తేనెపిట్ట, పండ్లకు వచ్చు పిగిలిపిట్ట పంచేంద్రియములు. జీవులు పరస్పరము ఉపకరించుకొనవలెనని ఉమాస్వాతి బోధించెను. ఆ బోధ ఇచట కంటికి కనిపించుచున్నది.

శ్రావకుడు తేనె ముట్టడు. అది వ్రతములో సగమే. తాను విడిచిన తీపిని ఆ ప్రాణులకు దక్కనిచ్చుట మిగిలిన సగము. కనుక గుత్తులన్నియు కోయరాదు. కొన్నింటిని పొదకే వదలవలెను.

ఇక మందు చల్లుట. పదునైదు కర్మాదానములలో విష వాణిజ్యము ఒకటి. లాభము వచ్చునన్నను విషము అమ్మని వర్తకుడు, ఆకు అందము చెడెనని తన వాకిట విషము చల్లుట ఏమి న్యాయము? అది ఆరంభ హింస కాదు, సంకల్ప హింసయే. పురుగు తిన్న ఆకు ఇంటికి అప్రతిష్ఠ కాదు.

షావుకారుపేట ఇరుకు ఇండ్లలో మిద్దెపై ఒక పెద్ద కుండీ చాలును. సున్నపు నేలలో ఈ మొక్క ఆకులు పసుపుబారును. గోడసున్నము తగులని మన్ను, బాగుగా చివికిన ఎరువు వేయవలెను. వడగట్టిన నీటిని పగటివేళ, క్రింద ప్రాణులున్నవేమో చూచి పోయవలెను. గూడు లేదని చూచిన పిదపనే కొమ్మ కత్తిరించవలెను.

ఇనుప పెట్టెలోని వరహాలు యజమానికొక్కనికే. వాకిటి నూరు వరహాలు అడుగవచ్చిన ప్రతి ప్రాణికిని. ఈ వ్యయమే పుణ్యపు జమ.

జయ జినేంద్ర.