రెండో పాము

డాలస్‌లో అక్కావాళ్ళింట్లో ఒక పాముంది. కార్న్ స్నేక్. విషం లేనిది, మూడడుగుల పొడవు. ఇంకో పాముని తెచ్చి అదే గాజుపెట్టెలో వెయ్యాలని పదకొండేళ్ళ మా మేనల్లుడి కోరిక. "పాపం, దీనికి ఫ్రెండ్స్ ఎవరూ లేరు మామయ్యా" అన్నాడు. ఆర్నెల్లకని వచ్చిన అమ్మ కూడా వాడి పక్షమే. "పామైతే మాత్రం ఒంటరిగా అనిపించదేంట్రా?" అంది.

నేను వద్దన్నాను. కారణాలు చెప్పడం తేలికే. కార్న్ స్నేక్‌లు మామూలుగా ఎవరి బతుకు వాళ్ళదిగా బతికే జీవులు. పెట్టెలో ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉంచుతారు. వాటి ఒంటి వేడిని అవి అటూ ఇటూ జరుగుతూ సరిచేసుకోవాలి. రెండు పాములుంటే వెచ్చటి మూల మాత్రం ఒకటే. రెండూ అక్కడే ఒకదానిమీద ఒకటి చుట్టలు చుట్టుకుంటాయి. మనం ఫోటో తీసి, ఎంత ప్రేమో అనుకుంటాం. అది చోటు కోసం పోటీ అయినా మనకి అలాగే కనిపిస్తుంది. తిన్నది కక్కితే ఏది కక్కిందో తెలీదు. ఒకదానికి జబ్బు చేస్తే రెండోదానికీ అంటుకుంటుంది. ఒకే ఎలుకని చెరో వైపు నుంచీ పట్టుకుంటే, ఒకటి రెండోదాన్నే మింగెయ్యచ్చు. కింగ్ స్నేక్‌కైతే తోటి పాము మామూలు తిండే.

నాగులచవితికి మనం పుట్టలో పాలు పోస్తాం. పాలు పాము ఆహారం కాదు. మనకి ఇష్టమైనది దానికీ ఇష్టమే అనుకోవడం భక్తిలోనే కాదు, జాలిలో కూడా ఉంది.

ఇక్కడితో ఆపేస్తే నేనే గెలిచినట్టు. కానీ కెనడాలోని మానిటోబాలో, నార్సిస్ అనే చోట, గార్టర్ పాములు వేలకి వేలు సున్నపురాయి పగుళ్ళలో చలికాలమంతా కలిసే గడుపుతాయి. 2020లో వెలువడిన ఒక కెనడా పరిశోధనలో, గార్టర్ పాముల్ని చెదరగొట్టి అటూ ఇటూ మార్చినా, మళ్ళీ తమకి అలవాటైన పాముల దగ్గరికే చేరాయి. అంటే 'పాములకి తోడెందుకు' అన్నది కూడా అన్ని పాములకీ వర్తించే మాట కాదు. పైగా అది పెంచేవాళ్ళకి చాలా సౌకర్యమైన మాట. సొరుగుల్లాంటి డబ్బాల్లో వరసగా పాముల్ని పెట్టుకునేవాళ్ళూ అదే అంటారు.

అయితే నార్సిస్ పాములు వసంతం రాగానే బయటికొచ్చి, జతకట్టాక, ఎవరి దారిన అవి పోతాయి. గాజుపెట్టెలో ఆ దారి లేదు. వెళ్ళిపోయే వీలున్నప్పుడే కలిసి ఉండటానికి అర్థం. అది లేనప్పుడు దాన్ని తోడు అనలేం, ఇరుకు అనాలి. అలాగని విడిగా ఉండటాన్ని కూడా ఆ పాము ఎంచుకోలేదు. మూత వేసింది మనం. కాబట్టి మన అంచనా తప్పయితే దేనికి ఎంత నష్టమో లెక్క వేసుకోవాల్సిందీ మనమే. విడిగా ఉంచడం తప్పయితే దానికొక తోడు తగ్గుతుంది. కలిపి ఉంచడం తప్పయితే ప్రాణం పోవచ్చు. మొదటి తప్పుని దిద్దుకోవచ్చు. రెండోదాన్ని దిద్దుకోలేం. నా 'వద్దు'కి ఉన్న బలం అంతే. పాము మనసు నాకు తెలుసని కాదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. శ్రద్ధగానే వింది. "సర్లే, దాన్ని అడగలేం కదా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. పొద్దున ఎనిమిదికల్లా అందరం వెళ్ళిపోతాం. అమ్మకి కారు నడపడం రాదు. నడిచి వెళ్ళేంత దూరంలో ఏమీ లేదు. విజయవాడలో ఒక్కతే ఉంటోందని, ఇక్కడైతే అందరితో కలిసి ఉంటుందని మేమే తీసుకొచ్చాం. అక్కడ తనకి ఎదురు ఫ్లాటావిడ ఉంది, సాయంత్రం నడక ఉంది, తలుపు తాళం తన దగ్గరే ఉంది. నోరులేని జీవి గురించి వారం రోజులు చదివాను. నోరున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు.

రాత్రి అడిగాను. "టికెట్ ముందుకి జరపమంటావా అమ్మా?"

అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. "డబ్బులేమన్నా కడతారా మళ్ళీ?" అంది.