ముందు శ్లాబు ఆరనీ, రంగు తర్వాత

ఒరే నాన్నా, నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. పై గది సీలింగు మూలన నల్లగా చుక్కలు చుక్కలుగా ఉన్నది మసి కాదు, బూజే. బూజు పట్టని పెయింటు రెండు కోట్లు కొడితే పోతుందని రంగుల షాపువాడు చెప్పాడంటున్నావు. కొట్టిస్తే సంక్రాంతికి తళతళలాడుతుంది, కాదనను. వానలు పట్టుకున్నాక పొక్కులు లేచి, ఆ రంగుతో సహా మంచం మీద రాలుతుంది. చెమ్మ లేనిదే బూజు బతకదు. ఆ చెమ్మ ఎటునుంచి వస్తోందో తేలేదాకా డబ్బా మూత తియ్యకు.

తేల్చుకోవడం పెద్ద విద్యేం కాదు. ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ ముక్క కత్తిరించి, మచ్చ పక్కన సీలింగుకి నాలుగంచులా టేపు వేసి గాలి దూరకుండా అంటించు. ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యి. కవరుకీ సీలింగుకీ మధ్య బొట్లు నిలిస్తే తడి శ్లాబులోంచే దిగుతోంది. గది వైపున తడి కనిపిస్తే గాలిలోని చెమ్మ చల్లటి చోట నీరవుతోంది. రెండు వైపులా కనిపిస్తే బెంగపడకు. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్ళో చాలా డాబాలకి రెండు జబ్బులూ ఉంటాయి.

శ్లాబులోంచే అయితే మేడెక్కు. వానపడ్డ మర్నాడు నీళ్ళు ఎక్కడ మడుగు కట్టాయో సుద్దముక్కతో గీత గియ్యి. తూముల్లో కొబ్బరి పీచు, వేపాకు, పావురాయి ఈకలు ఏటున్నాయో చెయ్యి పెట్టి తియ్యి. పిట్టగోడ శ్లాబుని కలిసే మూల చుట్టూ వంగి చూసుకుంటూ నడువు. నీరు ఎక్కువగా దిగేది అక్కడే, వెంట్రుకంత సందు చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు వాన పైనుంచి పడలేదు, అడ్డంగా కొట్టింది. అలాంటి గాలికి పిట్టగోడ బయటి పగుళ్ళలోంచి కూడా నీరు లోపలికి నడుస్తుంది. కాబట్టి గోడ బయటి మొహం కూడా చూడు. సీలింగు పెచ్చులూడిన చోట తుప్పు రంగు కనిపిస్తే మాత్రం అది బూజు వ్యవహారం కాదు. ఉప్పు గాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోంది, ఇంజనీరుని పిలవాల్సిందే.

ఇక వేడి సంగతి. మిషిగన్‌లో ఉన్న మీ అప్ప, అటక నిండా దూది పరుపుల్లాంటివి పరిచాక వాళ్ళిల్లు బాగుపడిందని చెప్పిందట. నువ్వూ థర్మోకోల్ పెట్టి ఫాల్స్ సీలింగు వేయిస్తానంటున్నావు. అప్ప మాట తప్పు కాదు, అది ఆ దేశం మాట. అక్కడ చలికాలంలో ఇంట్లో వెచ్చటి తడి గాలి అటకలోకి ఎక్కి, మంచు పట్టిన కప్పు చెక్కలకి తగిలి నీరవుతుంది. అందుకే వాళ్ళు కింద సందులు మూసి, పరుపు పరిచి, పైన గాలి ఆడనిస్తారు. మనకి తడి గాలి బయట, చల్లదనం లోపల. శ్రావణంలో రాత్రి 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకో, ఆ గాలి 26 డిగ్రీల కన్నా చల్లటిది ఏది తగిలినా ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా దాన్ని చెమర్చేస్తుంది. నువ్వేమో ఏసీ 20లో పెట్టి పడుకుంటావు. తెల్లారి కిటికీలు బార్లా తీస్తావు! ఫాల్స్ సీలింగు పైన చీకటి సందులోకి ఆ గాలి దూరితే జిప్సం బోర్డు కాగితమంతా బూజుకి విందే. అదీ మనకి కనపడకుండా.

అందుకని వేడిని గదిలోకి దిగాక కాదు, శ్లాబు మీదే ఆపాలి. మన తీరం వెంట చుట్టిళ్ళలో గడ్డికప్పు కింద కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక ఉండేది. ఎండ గడ్డి దగ్గర కొంత, మట్టి దగ్గర కొంత ఆగిపోయేది. కప్పు అంటుకున్నా కింది సామాను దక్కేదని మా అమ్మ చెప్పేది. నువ్వు చుట్టిల్లు కట్టక్కర్లేదు. కారడం ఆగిందని ఖాయమయ్యాక మేడమీద వాలు సరిచేయించి, తెల్ల పెంకుముక్కల పరుపు వేయించు. అంత డబ్బు లేకపోతే ఎండని తిప్పికొట్టే తెల్లరంగు, అదీ కాకపోతే మాఘంలో చిక్కటి సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ చల్లటి కప్పులకి ఏకంగా ఒక విధానమే తెచ్చింది. మన దగ్గర విమానాశ్రయం పేరు చెప్పి అద్దెల కోసం పైఅంతస్తులు లేపుతున్న వాళ్ళలో మేడకి సున్నం కొట్టించిన వాడు ఎక్కడా కనపడడు.

ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేసుకో. బీరువాని బయటి గోడకి జానెడు ఎడంగా జరుపు. గవాక్షాలకి అడ్డంగా కొట్టిన అట్టముక్కలు పీకెయ్యి. వంటింటి ఆవిరీ స్నానాలగది ఆవిరీ బయటికి పోవాలి.

బూజు తుడవడం నీ చేత్తో చెయ్యొచ్చు, మచ్చ మూడడుగుల చదరం దాటకపోతే. పొడి చీపురుతో దులపకు, అది గాల్లో లేచి ఇల్లంతా చేరుతుంది. ఎన్-95 మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరబెట్టు. బ్లీచింగు వాడితే అందులో బాత్రూం యాసిడ్ చుక్క కూడా కలపకు, క్లోరిన్ వాయువు పుడుతుంది. బూజు వాసన పట్టిన పరుపు మీద మోజు పెట్టుకోకు, పారెయ్యి. కోడలు పిల్ల పార్వతీపురం నుంచి చంటిదానితో వచ్చేది ఆ గదిలోకే కదా. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం, దగ్గు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. గది ఆరకపోతే వాళ్ళని కింద మా గదిలో పడుకోబెట్టు, మీ పెద్దమ్మా నేనూ హాల్లో సర్దుకుంటాం.

పనంతా కార్తీకం వెళ్ళాక మొదలెట్టు, శ్లాబు ఆరడానికి ఎండలు దొరుకుతాయి. మేస్త్రికి డబ్బంతా ఒక్కసారి ఇచ్చెయ్యకు. తూములకి గుడ్డలు కుక్కి మేడమీద రెండంగుళాల నీళ్ళు రెండు రోజులు నిలబెట్టించు. కింద సీలింగు పొడిగా ఉంటేనే మిగతా సొమ్ము. మొహం ముడుచుకుంటే పెదనాన్న ఇవ్వొద్దన్నాడని నా మీద తోసెయ్యి.